బ్రిటన్ పార్లమెంటు పిటిషన్ సైట్ సమీక్ష: 61 లక్షల సంతకాలకు వచ్చిందేమిటి?

వీసా రూల్స్ మారుతున్నాయన్న వార్త రాగానే యూకేలోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక లింకు తిరగడం మొదలవుతుంది. బ్రిటన్ పార్లమెంటు పిటిషన్ సైట్ లింకు అది. దానితోపాటు ఒక మాట కూడా తిరుగుతుంది: "లక్ష సంతకాలు దాటితే పార్లమెంటు దిగి రావాల్సిందే." లక్ష దాటితే దాదాపు ఎప్పుడూ చర్చ జరుగుతుంది, అది నిజమే. దిగి రావడం మాత్రం ఈ సైట్ చేతిలో లేదు. ఇది ఎక్కడిదాకా పనికొస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలియాలంటే బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్, అంటే ఈయూ నుంచి బ్రిటన్ బయటికి రావడం) గొడవ రోజుల్లో దీని పనితీరు చూడాలి. 2016 రెఫరెండం (ప్రజల నేరు ఓటు) తీర్పును ఎలా అమలు చేయాలి, అసలు చేయాలా వద్దా అని దేశం రెండు ముక్కలై కొట్లాడుకున్న మూడున్నరేళ్లలో ఈ సైట్ మీద మామూలు బరువు పడలేదు.

రేటింగ్ ముందే చెప్పేయవచ్చు: ఐదుకు మూడున్నర. ప్రభుత్వం చేత రాతపూర్వకంగా జవాబు చెప్పించడం, విషయాన్ని పార్లమెంటు రికార్డుకు ఎక్కించడం, నియోజకవర్గాల వారీ లెక్కల్ని అందరి చేతిలో పెట్టడం, ఈ మూడు పనులూ అది గొప్పగా చేస్తుంది. ఓటుకు బదులుగా దాన్ని వాడబోతే మాత్రం చేతులెత్తేస్తుంది. తప్పు అక్కడ సైట్‌ది కాదు.

ప్రస్తుత రూపంలో ఇది 2015 జులైలో మొదలైంది. ప్రభుత్వమూ, కామన్స్ సభ (మన లోక్‌సభ లాంటిది)లోని పిటిషన్ల కమిటీ కలిసి నడుపుతాయి. కమిటీలో 11 మంది ఎంపీలు, అధికార పక్షం నుంచీ ప్రతిపక్షం నుంచీ ఉంటారు. పిటిషన్ పెట్టాలంటే ముందు మీ కోరిక రాసి, ఐదుగురు మద్దతుదారుల్ని చూపించాలి. తర్వాత సిబ్బంది అది నిబంధనలకు లోబడి ఉందో లేదో చూస్తారు. అప్పటికే అదే కోరికతో ఇంకొకటి నడుస్తుంటే మీది తిరస్కరిస్తారు. కోర్టులో నడుస్తున్న కేసు, వ్యక్తిగత సమస్య, పరువునష్టం కలిగించే మాట, బ్రిటన్ ప్రభుత్వానికి గానీ పార్లమెంటుకు గానీ సంబంధం లేని విషయం, వీటిలో ఏదున్నా అంతే. స్కాట్లాండ్, వేల్స్ పార్లమెంట్లకు వదిలేసిన అంశాలైతే వాళ్ల పిటిషన్ విభాగాలకు వెళ్లాలి. ఒప్పుకున్నాక ఆరు నెలలు తెరిచి ఉంచుతారు. 10,000 సంతకాలు దాటితే ప్రభుత్వం జవాబు రాస్తుంది. 1,00,000 దాటితే చర్చకు పెట్టాలా అని కమిటీ ఆలోచిస్తుంది. దాదాపు అన్నిసార్లూ పెడుతుంది, కానీ పెట్టి తీరాలన్న నియమం లేదు.

మన దగ్గర సోమవారం అర్జీలంటే తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో కలెక్టరేట్ గ్రీవెన్స్ గుర్తొస్తాయి. విచిత్రంగా అక్కడా పిటిషన్ల మీద చర్చలు సోమవారాలే జరుగుతాయి. పోలిక అంతటితో సరి. ప్రజావాణిలో మీ పాస్‌బుక్ తప్పునో, మీ పింఛనునో చెప్పుకుంటారు. ఇక్కడ సొంత కష్టం రాస్తే తిరిగొస్తుంది. విధానమో చట్టమో మారాలని అడగాలి.

సంతకం పేజీ చాలా సాదాగా ఉంటుంది. పైన ఒక చెక్ బాక్స్: నేను బ్రిటిష్ పౌరుణ్ణి లేదా యూకే నివాసిని. కింద పేరు, ఈమెయిల్, దేశం, పోస్ట్‌కోడ్. బటన్ నొక్కగానే సంతకం పడిపోయిందనుకుంటారు చాలామంది. పడదు. ఈమెయిల్‌కు ఒక లింకు వస్తుంది, అది నొక్కాకే లెక్కలోకి వెళ్తుంది. మెయిల్ స్పామ్ ఫోల్డర్‌లో పడిపోయి, ఎన్నో సంతకాలు సగంలోనే ఆగిపోతాయి. గ్రూపుల్లో లింకు పంపేవాళ్లు "మెయిల్ కన్ఫర్మ్ చేయడం మరిచిపోవద్దు" అని ఒక్క ముక్క కలిపితే ఎంతో తేడా వస్తుంది. పోస్ట్‌కోడ్ అడిగేది మీ నియోజకవర్గం ఏదో తేల్చడానికి. పేజీ మీద మీ పేరు కనిపించదు, పిటిషన్ పెట్టినవాళ్ల పేరు మాత్రం కనిపిస్తుంది. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2019లో ఈయూ నుంచి వైదొలుగుతామన్న నోటీసును (ఆర్టికల్ 50 నోటీసు) వెనక్కి తీసుకోవాలని పిటిషన్ పెట్టిన మహిళకు చంపుతామని బెదిరింపులు వచ్చాయని ఆమే చెప్పారు. దేశం చీలిన విషయం మీద పిటిషన్ వేసేవాళ్లు తమ సోషల్ మీడియా ఖాతాల సెట్టింగులు ముందే బిగించుకోవాలి.

బ్రెగ్జిట్ కథలో ఈ సైట్‌కు మొదటి పెద్ద పరీక్ష 2016 జూన్‌లో వచ్చింది. 23న ఓటింగ్. బయటికి రావాలన్నవాళ్లు 1,74,10,742 మంది, ఉండాలన్నవాళ్లు 1,61,41,241 మంది. 51.9 శాతం, 48.1 శాతం. పోలింగ్ 72.2 శాతం. ఇక్కడ ఒక మెలిక ఉంది, మిగతా గొడవంతా దాంట్లోంచే పుట్టింది. 2015లో చేసిన రెఫరెండం చట్టంలో ఫలితాన్ని అమలు చేసి తీరాలన్న క్లాజు లేదు. కనీస పోలింగ్ ఇంత ఉండాలని గానీ, ఇంత శాతం మెజారిటీ కావాలని గానీ లేదు. చట్టం దృష్టిలో అది సలహా ఓటు. అయితే ప్రభుత్వం ఇంటింటికీ పంపిన కరపత్రంలో మీరు ఏది నిర్ణయిస్తే అది అమలు చేస్తామని అచ్చు వేసింది. ఒక వర్గం చట్టాన్ని పట్టుకుంది, ఇంకో వర్గం మాటను పట్టుకుంది. రెండూ కాగితం మీద ఉన్నవే.

గెలుపుకు 60 శాతం, పోలింగ్‌కు 75 శాతం రాకపోతే రెఫరెండం మళ్లీ పెట్టాలన్న నియమం తేవాలని ఓటింగ్‌కు ముందే, మేలో ఒక పిటిషన్ పడింది. పెట్టింది బయటికి రావాలని కోరుకున్న మనిషి. తమ పక్షం ఓడిపోతుందేమోనని పెట్టాడు. ఫలితం తిరగబడేసరికి ఓడిన పక్షం ఆ పిటిషన్ మీద పడింది. 41.5 లక్షల సంతకాలయ్యాయి. పెట్టినతనికి అది మింగుడుపడలేదు, కానీ ఈ సైట్‌లో ప్రచురించాక పాఠాన్ని మార్చే వీలు లేదు. మార్చనివ్వకపోవడమే సరైన డిజైన్. లక్షల మంది ఒక వాక్యం చదివి సంతకం పెట్టాక ఆ వాక్యం మారితే ఆ సంతకాలకు విలువేముంటుంది? కాబట్టి రాసేటప్పుడే ఈ కోరికను రేపు ఎదుటి పక్షం కూడా వాడుకోగలదా అని ఒకసారి ఆలోచించుకోవాలి.

ఆ పిటిషన్‌కు ప్రభుత్వం 2016 జులైలో జవాబిచ్చింది. చట్టంలో అలాంటి పరిమితి పెట్టలేదు, తీర్పును గౌరవించాలి అని దాని సారాంశం. సెప్టెంబరు 5న చర్చ జరిగింది. ఆట అయిపోయాక నియమం పెట్టమనడం కుదరదన్న వాదన గట్టిదే. అయితే అలాంటి నియమం బ్రిటన్‌కు కొత్తేమీ కాదు. 1979లో స్కాట్లాండ్ అసెంబ్లీ కోసం పెట్టిన రెఫరెండంలో మొత్తం ఓటర్లలో 40 శాతం అవునంటేనే అమలు అని ముందే చట్టంలో రాశారు. వేసిన ఓట్లలో 51.6 శాతం అవునన్నా, మొత్తం ఓటర్లలో అది 32.9 శాతమే కావడంతో ఆగిపోయింది. గెలిచినవాళ్లు దశాబ్దాల పాటు రగిలిపోయారు గానీ, నియమం ముందే తెలుసు. 2015 చట్టం రాసేటప్పుడు ఈ చర్చ సరిగ్గా జరగలేదు. ఆ లోటును ఏ వెబ్‌సైటూ తర్వాత పూడ్చలేదు.

ఆ పిటిషన్‌లోనే సైట్ బలహీనత కూడా బయటపడింది. వాటికన్ సిటీ నుంచి వేల సంతకాలు వచ్చినట్టు కనిపించింది. ఆ ఊరి జనాభాయే వెయ్యికి లోపు. కమిటీ విచారించి సుమారు 77,000 దొంగ సంతకాలు తొలగించింది. ఇక్కడ రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూడాలి. 41 లక్షల్లో 77,000 అంటే రెండు శాతం లోపే, కాబట్టి మొత్తం బూటకమని కొట్టిపారేసినవాళ్లది తప్పు. మరోవైపు, ఇక్కడ ఓటర్ల జాబితాతో సరిపోల్చడం లేదు. నివాసిని అని మీరు టిక్ పెడితే నమ్ముతారు, ఈమెయిల్ పనిచేస్తుందో లేదో చూస్తారు, అనుమానాస్పద ట్రాఫిక్‌ను వడపోస్తారు. అభిప్రాయ తీవ్రత చూపించడానికి ఈ తనిఖీ చాలు. ఓటు లెక్కకు చాలదు.

ఇక 2019 మార్చి. అప్పటి ప్రధాని థెరిసా మే బయటికి వచ్చే షరతుల మీద ఈయూతో కుదుర్చుకొచ్చిన ఒప్పందాన్ని (డీల్) కామన్స్ సభ జనవరి 15న 432-202తో, మార్చి 12న 391-242తో తిప్పికొట్టింది. మార్చి 29న దేశం బయటికి రావాలి. మార్చి 20 రాత్రి ఆవిడ టీవీలో మాట్లాడుతూ నేను ప్రజల పక్షాన ఉన్నాను, అడ్డుపడుతున్నది ఎంపీలే అన్న ధోరణిలో చెప్పారు. ఆర్టికల్ 50 నోటీసును వెనక్కి తీసుకుని ఈయూలోనే ఉండాలన్న పిటిషన్ ఫిబ్రవరి నుంచి నెమ్మదిగా నడుస్తోంది. ఆ ప్రసంగంతో అంటుకుంది. మరునాడు నిమిషానికి దాదాపు 2,000 సంతకాలు వస్తున్నాయని, ఒకేసారి 80,000 నుంచి లక్ష మంది పేజీ చూస్తున్నారని కమిటీ ప్రకటించింది. సైట్ పడిపోయింది, లేచింది, మళ్లీ పడిపోయింది. సాయంత్రంలోగా పది లక్షలు దాటింది. నాలుగో రోజుకు 50 లక్షలు. చివరికి 61,03,056. ఈ సైట్ చరిత్రలో ఇప్పటికీ ఇదే రికార్డు.

సర్వర్ పడిపోవడాన్ని ఈ సమీక్షలో పెద్ద తప్పుగా లెక్కించడం లేదు. లక్ష సంతకాలే పెద్ద సంఖ్య అనుకుని కట్టిన సేవకు ఒక్క రోజులో దానికి పది రెట్లు వచ్చి పడ్డాయి. అయినా వారాలు కాదు, గంటల్లోనే కోలుకుంది. ఇలాంటి రద్దీలో పేజీలో సంఖ్య పెరగడం లేదని మళ్లీ మళ్లీ ఫారం నింపొద్దు, మెయిల్ వచ్చేదాకా ఆగాలి. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఒక మాట: ఈ సైట్ కోడ్ మొత్తం ఓపెన్ సోర్స్, గిట్‌హబ్‌లో ఉంది, రూబీ ఆన్ రెయిల్స్‌లో రాసింది. మన రాష్ట్రాల్లో ఎవరైనా ఇలాంటిది కట్టాలనుకుంటే మొదట చదవాల్సింది అదే.

ఆ పిటిషన్ అడిగిన తీరు కూడా గమనించదగ్గది. ఆర్టికల్ 50 నోటీసును బ్రిటన్ ఒక్కటే, మిగతా దేశాల అనుమతి లేకుండా వెనక్కి తీసుకోవచ్చని యూరోపియన్ కోర్టు 2018 డిసెంబరు 10న తీర్పు ఇచ్చింది. అంటే అడిగింది చట్టప్రకారం జరగగల పని. 2016 పిటిషన్‌లా అయిపోయినదాన్ని తిరగరాయమనడం కాదు. అయినా మార్చి 26న వచ్చిన ప్రభుత్వ జవాబు సూటిగా ఉంది: ఉపసంహరించుకోము, 2016 తీర్పును గౌరవిస్తాము. సభా నాయకురాలు ఆండ్రియా లెడ్సమ్ అంతకుముందే, సంతకాలు 1.74 కోట్లు దాటితే అప్పుడు చర్య తీసుకోవడానికి బలమైన కారణం ఉంటుందని సభలో అన్నారు. బయటికి రావాలన్నవాళ్ల ఓట్ల సంఖ్య అది. ఈ మాటతో ఏకీభవించలేం. సైట్ నిబంధనల్లో ఉన్నవి రెండే గీతలు, పదివేలు, లక్ష. మూడో గీత ఎక్కడా లేదు. దేశమంతా పోలింగ్ బూత్‌లు తెరిచి, నెలల ప్రచారం చేసి పడిన ఓట్లను, వారంలో ఫోన్లలో పడిన సంతకాలతో సమానంగా తూచడం రెండు వైపులా అన్యాయమే.

ఏప్రిల్ 1 సాయంత్రం ఏం జరిగిందో చూస్తే ఈ సేవ హద్దు అద్దంలో కనిపిస్తుంది. వెస్ట్‌మినిస్టర్ హాల్ పేరుతో నడిచే పక్క గదిలో నాలుగున్నరకు చర్చ మొదలైంది. ఆర్టికల్ 50 పిటిషన్, రెండో రెఫరెండం కోరే పిటిషన్, తీర్పును గౌరవించి డీల్ ఉన్నా లేకున్నా బయటికి రావాల్సిందేనన్న పిటిషన్, మూడూ కలిపి చర్చించారు. అక్కడ పెట్టే తీర్మానం ఎప్పుడూ ఒకటే: ఈ సభ ఫలానా ఈ-పిటిషన్‌ను పరిశీలించింది. అవునన్నా కాదన్నా ప్రభుత్వానికి ఏమీ కాదు. అదే సాయంత్రం అసలు సభలో ఎంపీలు తమ ముందున్న ప్రత్యామ్నాయాల మీద ఓటేశారు. డీల్ లేని పరిస్థితి వస్తే నోటీసు వెనక్కి తీసుకునే దారి చూపిన జోవానా చెర్రీ ప్రతిపాదన 191-292తో ఓడింది. ప్రజల ముందు మళ్లీ ఓటుకు పెట్టాలన్నది 280-292తో, ఈయూతో కస్టమ్స్ యూనియన్ (ఉమ్మడి సుంకాల ఏర్పాటు) ఉండాలన్నది 273-276తో ఓడాయి. 61 లక్షల మంది అడిగిన పనికి అతి దగ్గరి ప్రతిపాదన మీద నిజమైన ఓటింగ్ జరిగింది, కానీ పక్క గదిలో కాదు. సంతకాలు విషయాన్ని పార్లమెంటు గుమ్మం లోపలికి తెచ్చాయి. లెక్కకు వచ్చినవి 191 ఓట్లే.

ఈ సైట్‌లో ఒక పెద్ద లోపం ఉంది. వ్యతిరేకిస్తున్నానని చెప్పే బటన్ లేదు. మామూలు విషయాల్లో పర్వాలేదు. దేశం నిలువునా చీలిన విషయంలో మాత్రం ప్రతి పక్షం సొంత పిటిషన్ పెట్టుకుంటుంది, ఒక్కోదానికీ వేరే మాట, వేరే గడువు. డీల్ లేకుండానే మార్చిలో బయటికి రావాలన్న పిటిషన్‌కు ఆరు లక్షలకు పైగా వచ్చాయి. దాని పక్కన 61 లక్షలు పెట్టి దేశం మనసు మారిందని కొందరు రాశారు. అలా తేల్చలేం. గెలిచినవాళ్లకు సంతకం పెట్టాల్సిన అవసరం అంతగా ఉండదు, తీర్పు తమ చేతిలోనే ఉంది కదా. తర్వాత వచ్చిన 2019 డిసెంబరు ఎన్నికల్లో బ్రెగ్జిట్ పూర్తి చేస్తామన్న పార్టీయే గెలిచింది, 2020 జనవరి 31న దేశం బయటికి వచ్చింది.

ఎవరు ఓటేయగలరు, ఎవరు సంతకం పెట్టగలరు అన్నది వేరు వేరు. 2016 రెఫరెండంలో కామన్వెల్త్ పౌరులు, అంటే యూకేలో నివాస అనుమతితో ఉన్న భారతీయులు, ఓటర్లుగా నమోదై ఉంటే ఓటేయగలిగారు. హైదరాబాద్ నుంచి వెళ్లిన ఐటీ ఉద్యోగికి, విజయవాడ నుంచి వెళ్లి ఎన్‌హెచ్‌ఎస్‌ (ప్రభుత్వ ఆరోగ్య సేవ)లో పనిచేసే డాక్టరుకు భారత పాస్‌పోర్టు మీదే అప్పుడు ఆ హక్కు ఉండింది. అక్కడే ఇరవయ్యేళ్లుగా ఉంటున్న ఫ్రాన్స్, పోలండ్ పౌరులకు లేకపోయింది. ఈయూ వాళ్లలో ఐర్లండ్, మాల్టా, సైప్రస్ పౌరులకే ఇచ్చారు. విదేశాల్లో పదిహేనేళ్లకు మించి ఉన్న బ్రిటిష్ పౌరులకూ అప్పట్లో ఓటు లేదు. ఈ ఓటు లేనివాళ్లంతా పిటిషన్ మీద మాత్రం సంతకం పెట్టవచ్చు. బ్రెగ్జిట్ ఎవరి జీవితాన్ని ఎక్కువ తలకిందులు చేసిందో వాళ్లకు అధికారికంగా గొంతు దొరికిన కొద్ది చోట్లలో ఇదొకటి. ఈ సేవకు ఇచ్చిన మార్కుల్లో ఒక మార్కు అచ్చంగా దీనికే.

ఎన్నికలొస్తే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. పార్లమెంటు రద్దు కాగానే నడుస్తున్న పిటిషన్లన్నీ మూతపడతాయి, సంతకాలు కొత్త పార్లమెంటుకు బదిలీ కావు. కొత్త కమిటీ ఏర్పడేదాకా సైట్ తెరుచుకోదు. రద్దు వేరు, ప్రొరోగ్ (ఎన్నికలు లేకుండా సమావేశాలను కొన్నాళ్లు ఆపేయడం) వేరు. 2019 ఆగస్టులో అప్పటి ప్రధాని బోరిస్ జాన్సన్ పార్లమెంటును ప్రొరోగ్ చేయించబోతే, వద్దన్న పిటిషన్‌కు 17 లక్షలకు పైగా వచ్చాయి. సెప్టెంబరు 9న చర్చ జరిగిన కొన్ని గంటలకే ప్రొరోగ్ చేశారు. దాన్ని ఆపింది పిటిషన్ కాదు, సుప్రీంకోర్టు. 11 మంది జడ్జీలు ఏకగ్రీవంగా సెప్టెంబరు 24న అది చెల్లదన్నారు. రెఫరెండం తర్వాత ఆర్టికల్ 50 నోటీసు ఇవ్వడానికి పార్లమెంటు చట్టం కావాలని 2017 జనవరి 24న 8-3తో చెప్పిందీ ఆ కోర్టే.

మరి దీన్ని ఎలా వాడితే పని జరుగుతుంది? మొదటి లక్ష్యం లక్ష కాదు, పదివేలు. ప్రభుత్వ వైఖరి ఏమిటో రాతలో దొరికేది అక్కడే. తర్వాత మంత్రి మాట మారిస్తే ఆ జవాబును ముందు పెట్టవచ్చు. పిటిషన్ పేజీ అడ్రసు చివర డాట్ జేసన్ అని చేరిస్తే నియోజకవర్గాల వారీ సంతకాల పట్టిక మొత్తం తెరుచుకుంటుంది. పేజీలోని మ్యాప్ కన్నా ఇది పదిరెట్లు పనికొస్తుంది. చర్చ తేదీ ఖరారయ్యాక, ఆ సోమవారానికి వారం ముందు, మీ ఎంపీకి మెయిల్ రాయండి. మీ నియోజకవర్గంలో ఇన్ని సంతకాలు పడ్డాయి, మీరు వెళ్లి మాట్లాడతారా అని సూటిగా అడగండి. 2025లో వీసాదారులకు ఐదేళ్ల సెటిల్‌మెంట్ (శాశ్వత నివాస హక్కు) గడువు మార్చొద్దన్న పిటిషన్ లక్ష దాటి చర్చకు వచ్చింది. తెలుగువాళ్లకు నేరుగా తగిలే అలాంటి విషయాల్లో ఈ ఒక్క మెయిల్ ఇంకో వెయ్యి ఫార్వర్డుల కన్నా నయం. మెయిల్‌లో ఇంటి చిరునామా, పోస్ట్‌కోడ్ తప్పనిసరిగా రాయాలి. అవి లేకపోతే మీరు తమ నియోజకవర్గం మనిషో కాదో తేలక ఎంపీ ఆఫీసు దాన్ని పక్కన పెట్టేస్తుంది.